పిల్లలు కలగకపోతే పరీక్షలు కోడలికేనా? అండం, వీర్యకణం చెప్పే లెక్క వేరు

నికాహ్ అయి ఏడాది దాటితే చాలు, ఇంట్లో అడగడం మొదలవుతుంది. అడిగేది కోడలినే. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేదీ ఆమెనే. స్కానింగ్‌లు, రక్త పరీక్షలు, తావీజ్‌లు అన్నీ అయ్యాక గానీ అబ్బాయి పరీక్ష మాట రాదు. గర్భం నిలవాలంటే రెండు కణాలు కలవాలి. ఆ రెండూ ఎలా తయారవుతాయో తెలిస్తే ఈ పద్ధతిలో ఉన్న తప్పు అర్థమవుతుంది.

అండం: పుట్టకముందే వచ్చిన నిల్వ

ఆడపిల్ల తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగానే ఆమె అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేసరికి అవి 10–20 లక్షలకు తగ్గుతాయి. పెద్దమనిషి అయ్యేనాటికి మిగిలేవి 3–4 లక్షలు. దుకాణం లెక్కలో చెప్పాలంటే ఉన్న సరుకు తగ్గడమే గానీ, కొత్త సరుకు రాదు. జీవితం మొత్తంలో పక్వమై విడుదలయ్యేవి దాదాపు 400–500 మాత్రమే.

ఈ కణాలు విభజన మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయి ఉంటాయి. 30 ఏళ్ల మహిళలో ఈ నెల విడుదలయ్యే అండం 30 ఏళ్లకు పైగా అలా ఆగి ఉన్నదే. విడుదలకు ముందు అది మళ్లీ కదిలి తన క్రోమోజోమ్‌లను 46 నుంచి 23కు తగ్గించుకుంటుంది. చివరి విభజన మాత్రం వీర్యకణం లోపలికి వచ్చాకే పూర్తవుతుంది. చాలా ఏళ్లు ఆగిన కణంలో క్రోమోజోమ్‌లు సరిగా విడిపోకపోవచ్చు. 35 దాటాక గర్భం ఆలస్యం కావడానికి, గర్భస్రావాలు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

వీర్యకణం: రోజూ నడిచే తయారీ

మగవారిలో యుక్తవయసు నుంచి రోజూ కోట్ల వీర్యకణాలు తయారవుతాయి. ఒక్కో కణానికి 70 రోజులకు పైగా పడుతుంది. తర్వాత వృషణాన్ని ఆనుకుని ఉన్న సన్నని గొట్టంలో సుమారు రెండు వారాలు ఉండి, ఈదే శక్తి తెచ్చుకుంటుంది. దాని తలలో 23 క్రోమోజోమ్‌లు, తలపై అండం పొరను దాటడానికి కావలసిన ఎంజైమ్‌ల టోపీ, మెడ దగ్గర శక్తినిచ్చే మైటోకాండ్రియా, వెనక తోక ఉంటాయి.

ఈ తయారీకి ఒంటి వేడి కంటే 2–4 డిగ్రీలు తక్కువ ఉండాలి. వృషణాలు బయట ఉండేది అందుకే. తీవ్రమైన జ్వరం, సిగరెట్, బట్టీల దగ్గర గంటల తరబడి పని దీన్ని దెబ్బతీయవచ్చు. ఈరోజు వచ్చిన జ్వరం ప్రభావం రెండు, మూడు నెలల దాకా ఉండొచ్చు. సిగరెట్ మానినా ఫలితం మర్నాడే కనిపించదు, అంతే కాలం ఓపిక పట్టాలి.

ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని అనేవారూ ఉన్నారు. ప్రతి అండంలోనూ ఉండేది ఎక్స్ క్రోమోజోమే. వీర్యకణాల్లో దాదాపు సగం ఎక్స్, సగం వై. ఆడా మగా అన్నది వీర్యకణంతోనే తేలుతుంది. అది కూడా ఎవరి చేతుల్లోనూ లేదు.

ఏం చేయాలి?

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు కోత ఉండదు, ఖర్చూ తక్కువ. 2 నుంచి 7 రోజులు భార్యకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. కణాల సంఖ్య, కదలిక, ఆకారం చూస్తారు. రిపోర్టు బాగోలేకపోతే మరోసారి చేయించాలి, ఒక్కదానితో నిర్ణయానికి రాకూడదు.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టర్‌ను కలవాలి. దువాతో పాటు దవా కూడా అని పెద్దలు అంటూనే ఉంటారు. ఆ దవాలో మొదటి పరీక్ష అబ్బాయిది కూడా కావాలి.