చెరకు తోటలో భూమి చప్పుడు: సూరత్ తడి నేలల్లో సైస్మిక్ సర్వే

సూరత్ అంటే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది చీరల బేళ్లు. చమురు అన్వేషకులకు మాత్రం ఆ జిల్లాలోని ఓల్పాడ్ అనే ఊరి పేరు ఎక్కువ పరిచయం. ఖంభాత్ అవక్షేప బేసిన్ అడుగున, దక్కన్ లావా రాళ్ల మీద నేరుగా పరుచుకున్న పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు ‘ఓల్పాడ్ ఫార్మేషన్’ అని పేరు పెట్టారు. 1956లో ఓఎన్‌జీసీ ఏర్పడింది. రెండేళ్లకే, 1958లో, ఖంభాత్ దగ్గర చమురు పడింది. 1960లో సూరత్‌కు ఉత్తరాన, నర్మద దాటకముందే ఉన్న అంక్లేశ్వర్‌లో పెద్ద నిక్షేపం బయటపడింది. అప్పటి నుంచి నర్మదా తాపీ నదుల మధ్య పొలాలకు సర్వే బృందాలు వస్తూనే ఉన్నాయి.

సైస్మిక్ సర్వే సూత్రం తేలికైనదే. నేలలో బోరు వేసి కొన్ని కిలోల పేలుడు పదార్థం దించి పేలుస్తారు. ఆ ప్రకంపనలు లోపలి రాతి పొరలకు తగిలి ప్రతిధ్వనుల్లా వెనక్కి వస్తాయి. నేలలో గుచ్చిన జియోఫోన్లు వాటిని పట్టుకుంటాయి. ఏ ప్రతిధ్వని ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో చూసి పొర ఎంత లోతులో ఉందో లెక్క కడతారు. కష్టమంతా ఆ పని చేయాల్సిన నేలతోనే.

సూరత్ జిల్లాలో ఎక్కువ భాగం నల్లరేగడి. ఎండితే కాలు పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బి జిగురులా పట్టుకుంటుంది. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడే వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. అందుకే సర్వే బృందాలు సాధారణంగా వానలు వెనకబట్టాక క్యాంపు వేసి, మళ్లీ తొలకరి పడేలోగా ఎత్తేస్తాయి. అయితే ఇక్కడ వాన వెళ్లిపోయినా తడి పోదు. కాక్రాపార్, ఉకాయ్ కాలువల నీళ్లతో చెరకు, వరి పొలాలు శీతాకాలంలోనూ తడిగానే ఉంటాయి. నేలను కంపింపజేసే వైబ్రేటర్ లారీలు ఇరవై టన్నులకు మించి తూగుతాయి. తడి రేగడిలో దిగితే వాటిని లాగడానికే ఇంకో రోజు పడుతుంది. అందుకని ఇలాంటి చోట్ల షాట్ హోల్, పేలుడు పదార్థమే గతి.

తడి వల్ల లాభం లేకపోలేదు. జియోఫోన్ మేకు ఎండిన పెళ్లలో వదులుగా నిలబడితే సగం సంకేతం పోతుంది. తడి మట్టి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కానీ అదే తడి కేబుల్ కనెక్టర్లలోకి చేరితే విద్యుత్తు లీకై రికార్డంతా గురగుర. అందుకే పొద్దున్నే మొదటి షాట్‌కు ముందు లైన్ మొత్తాన్ని పరీక్షిస్తారు. చెడిపోయిన చోటు వెతుక్కుంటూ ఒక మనిషి చెరకు మధ్య నడవాలి. ముందు పాములు చూసుకోవాలి, ఆ తర్వాతే తీగలు. గాలి వీస్తే చెరకు ఆకుల ఒరిపిడి, మొక్క ఊపు కూడా జియోఫోన్‌కు వినిపిస్తాయి. రికార్డింగ్ వాహనంలో కూర్చున్న అబ్జర్వర్ గాలి తగ్గేదాకా షాట్ ఆపి ఎదురుచూస్తాడు. అలా గంటలు పోతాయి. బయటివారికి అది ఖాళీగా కూర్చోవడంలా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మోసం నేల పైభాగంలోనే ఉంది. పైనున్న వదులు పొరలో, అది పొడిగా ఉంటే, తరంగం సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో కదులుతుందనుకుందాం. పది మీటర్ల మందం దాటడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. కాలువ నీటితో భూజల మట్టం పైకొచ్చి ఆ మట్టి పూర్తిగా నీటితో నిండితే వేగం 1,600 మీటర్లకు చేరవచ్చు. అప్పుడు పట్టేది ఆరు మిల్లీసెకన్లు. తేడా 14 మిల్లీసెకన్లు. లోపలి రాళ్లలో వేగం సెకనుకు 3,000 మీటర్లనుకుంటే, తరంగం వెళ్లి రావాలి కాబట్టి ఆ తేడా 21 మీటర్ల లోతుకు సమానం. అంటే తడి పొలం కింద లేని గుట్ట ఒకటి మ్యాపులో లేస్తుంది. చమురు వెతికేవారు చూసేది సరిగ్గా అలాంటి గుట్టల కోసమే. దాన్ని నమ్మి బావి తవ్వితే కోట్ల రూపాయలు మట్టిలో కలుస్తాయి.

ఈ తప్పును పట్టుకోవడానికి అప్‌హోల్ సర్వే చేస్తారు. ఒకే బోరులో వేర్వేరు లోతుల్లో చిన్న డిటోనేటర్లు పేల్చి, పైకి రావడానికి పట్టే సమయాన్ని కొలుస్తారు. వదులు పొర ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. షాట్‌ను దానికి దిగువన పెడతారు, మిగతా తేడాను లెక్కల్లో సవరిస్తారు. విసుగు పుట్టించే పనే. అయినా లైన్ మొత్తం విలువ దీని మీదే ఆధారపడుతుంది.

చమురు కోసమే కాదు, భూమి పెంకు లోతు తెలుసుకోవడానికీ ఈ నేలలో తరంగాలు పంపారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970లలో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలోని ఉడిపి దాకా దేశంలో తొలి డీప్ సైస్మిక్ సౌండింగ్ రేఖ నడిపింది. అదే పద్ధతిలో గుజరాత్‌లో మెహ్మదాబాద్ నుంచి బిలిమోరా వరకు మరో రేఖ వేసింది. బిలిమోరా సూరత్‌కు దక్షిణాన ఉంది. కె.ఎల్. కైలా బృందం 1981లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం ఇక్కడ పెంకు అడుగు సుమారు 31 నుంచి 33 కిలోమీటర్ల లోతులో ఉంది.

తాపీ సముద్రంలో కలిసే హజీరా వైపు వెళితే పని తీరే మారుతుంది. ఖంభాత్ సింధుశాఖలో కొన్నిచోట్ల ఆటుపోట్ల తేడా పది మీటర్లు దాటుతుంది. ఆటు సమయంలో బురదలో గుచ్చడానికి ఒక రకం సెన్సర్లు, పోటు వచ్చాక నీటిలో పనిచేసే హైడ్రోఫోన్లు కావాలి. షాట్ల వరుసను గడియారం కాదు, సముద్రం నిర్ణయిస్తుంది. బురదలో చిక్కుకున్న మనిషికి పోటు గడువివ్వదు. అందుకే అక్కడ ఒంటరిగా ఎవరినీ పంపకూడదు.

మబ్బు పట్టి దూరంగా ఉరిమినా పని ఆగాల్సిందే. పిడుగు వల్ల విద్యుత్ డిటోనేటర్ దానంతట అదే పేలే ప్రమాదం ఉంది. మందు నింపడం ఆపి అందరూ బోర్లకు దూరంగా వెళ్లాలి. పేలకుండా మిగిలిన షాట్ ఉంటే దాని లెక్క తేలేదాకా లైన్ ముగిసినట్టు కాదు.

మే చివరికి క్యాంపులో హడావుడి పెరుగుతుంది. తొక్కిన పంటకు పరిహారం లెక్కలు, రైతుల సంతకాలు మిగిలి ఉంటాయి. అన్నిటికన్నా ముందు బోర్లు పూడ్చాలి. తొలి వాన పడిందంటే రేగడి ఉబ్బి పైన మూసుకుంటుంది, కింద బోలు అలాగే ఉంటుంది. దున్నే ఎద్దు కాలు దిగబడేది అక్కడే. మట్టి నింపి, కర్రతో కూరి, ఒక్కో బోరు నంబరును పుస్తకంలో కొట్టేస్తూ సహాయకులు గట్ల వెంట నడుస్తారు.