పన్నెండు నెలలూ పడవ నడిచే ఊరు

అక్టోబరు నెల సగం గడిచేసరికి అమెరికాలో డెట్రాయిట్ చుట్టుపట్ల పడవలన్నీ గట్టెక్కుతాయి. మన వాడుకలో గట్టెక్కడమంటే కష్టం తీరడం. అక్కడి పడవకు మాత్రం కష్టం అప్పుడే మొదలవుతుంది. క్రేనుతో నీళ్లలోంచి ఎత్తి దిమ్మల మీద కూర్చోబెడతారు. ఇంజను చల్లబడేందుకు నీరు తిరిగే గొట్టాలన్నిటినీ చుక్క మిగలకుండా ఒంపి, గడ్డకట్టని గులాబిరంగు ద్రవం పోస్తారు. నీరు మంచుగా మారితే ఒళ్లు చేస్తుంది కదా, లోపల ఒక చెంబెడు నీరు మిగిలిపోయినా చాలు, ఆ ఒత్తిడికి పోత ఇనుప దిమ్మ పగిలి ఊరుకుంటుంది. ఆ తరువాత పడవకంతటికీ తెల్లని ప్లాస్టిక్ చుట్టి, వేడిగాలి కొట్టి బిగిస్తారు. వరసగా నిలబెట్టిన ఆ పడవలను చూస్తే ముసుగుతన్ని పడుకున్న ఏనుగుల మందలా ఉంటుంది. మళ్లీ ముసుగు తీయడం మే నెలలోనే.

లెక్క వేసి చూడండి. పడవ షికారు అయిదు నెలలు. పడవకు అద్దె పన్నెండు నెలలు!

మా పెద్దక్కయ్య, బావగారు 1984 నుంచీ ఆ ప్రాంతంలోనే ఉంటున్నారు. బావగారిది కోనసీమ. పంటు ఎక్కనిదే బడికి వెళ్లని రోజుల్లో పెరిగినవాడు. మోటారుకార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయిన మర్నాడే ఇరవై రెండడుగుల మోటారు పడవ కొన్నాడు. హ్యూరాన్, ఈరీ మహాసరస్సుల మధ్య ఉండే సెయింట్ క్లెయిర్ సరస్సులో దాన్ని తిప్పుతుంటాడు. అక్కయ్యకు మోకాళ్ల నొప్పులు. డిసెంబరు వస్తే వాకిట్లోకి అడుగు పెట్టలేదు. అంచేత ఇద్దరికీ ఒకటే ఆలోచన: వెచ్చగా ఉండే చోటికి మకాం మార్చడం. చలికి భయపడి దక్షిణాదికి దిగే ఇటువంటి వారిని అమెరికావారు "మంచుపిట్టలు" అంటారు. మన కొల్లేటికీ పులికాటుకూ శీతకాలంలో కొంగలూ కొక్కెరలూ దిగినట్లే వీరూ దిగుతారు.

నిరుడు నేను వెళ్లినప్పుడు బావగారు నా ముందు ఓ కాగితాల దొంతర పడేశాడు.

"ఏమోయ్, నువ్వు మేష్టరివి. ఇవన్నీ చదివి ఏ ఊరు మంచిదో తేల్చు."

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి అప్పగించవలసిన పనేనా అది? అయినా అక్కయ్య చేతి ఉప్పిండి తింటూ నెల్లాళ్లు ఆ పనే చేశాను.

దొంతరలో మూడు వంతులు ఫ్లోరిడావే. ఆశ్చర్యం లేదు. అమెరికా అంతటిలోనూ ఎక్కువ పడవలు రిజిస్టరయింది ఆ రాష్ట్రంలోనే. జీతం మీదా పింఛను మీదా రాష్ట్రం విధించే ఆదాయపు పన్ను అక్కడ లేదు. దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్ ద్వీపంలో మంచు కురిసిన దాఖలాయే లేదు. ఆ ఊరి రికార్డుల్లోకెల్లా హెచ్చు చలి 5 డిగ్రీలు! మన చింతపల్లి వాళ్లు వింటే నవ్విపోతారు.

బావగారి మనసు పడ్డది పడమటి తీరంలోని కేప్ కోరల్ మీద. ఆ ఊరి పుట్టుక విచిత్రమైనది. 1957లో రోజెన్ అనే అన్నదమ్ములిద్దరు అక్కడి పల్లపు నేలను కొని, కాలువలు తవ్వించి, ఆ మట్టితోనే మెరక చేసి, మెరకను ఇళ్ల స్థలాలుగా అమ్మారు. ఇవాళ ఆ ఊళ్లో 400 మైళ్లకు పైగా కాలువలు ఉన్నాయి. లోకంలో మరే నగరానికీ ఇన్ని లేవని వారి గొప్ప. పెరటి తలుపు తీస్తే కాలువ, కాలువలో మన పడవ. గోదావరి కాలువలైనా వేసవిలో మరమ్మతుల కోసం కట్టేసేవారు. ఇక్కడ ఆ బెంగా లేదు.

అయితే ఆ కాలువల్లో ఒక కిటుకు ఉంది. కొన్ని కాలువలు సముద్రంలో కలుస్తాయి. కొన్ని మంచినీటివి, ఊళ్లోనే తిరిగి ఊళ్లోనే ఆగిపోతాయి. కలిసేవాటిలోనూ కొన్నిటి మీద వంతెనలు మరీ కిందుగా ఉంటాయి. తెరచాప కొయ్య ఉన్న పడవ వాటి కింద దూరదు. "సముద్రానికి దారి కలదు" అని ప్రకటనలో ఉంటుంది, నిజమే. ఆ దారి మెల్లమెల్లగా గంటసేపు నడవాలని మాత్రం ఉండదు. అంచేత అక్కడ కాలువ ఒడ్డున ఇల్లు కొనదలచినవారు ఇల్లు చూడకముందే ఆ రేవులోంచి పడవలో బయలుదేరి సముద్రం దాకా వెళ్లి రావాలి. వంటగది ఎంత వెడల్పుంటే ఏం లాభం, వంతెన ఎత్తు చాలనప్పుడు?

ఇది చిన్న ఇబ్బంది. అసలు సంగతి వేరే ఉంది.

సముద్రపు పైనీరు 26 డిగ్రీలు దాటి వెచ్చబడితేనే తుపానుకు ఊపిరి వస్తుంది. ఆగస్టు మాసంలో ఫ్లోరిడాకు పడమట ఉన్న సింధుశాఖలో నీరు 30 డిగ్రీల దాకా ఉంటుంది. మనవాళ్లు సుఖంగా ఈదులాడుతున్నామనుకొనే ఆ వెచ్చదనమే గాలివానకు కట్టెలు. వారు దాన్ని "హరికేన్" అంటారు. కరిబియన్ దీవుల ఆదివాసుల మాట అది. స్పెయిన్ దేశస్థుల నోట పడి ఇంగ్లీషులోకి వచ్చింది. మన "తుపాను" కూడా పారసీకం మీదుగా వచ్చినదే. "గాలివాన" మాత్రం అచ్చంగా మనది. మనకు సొంత మాట ఉండటమే చెబుతోంది, ఆ చుట్టం మనకు ఎంత పాతదో!

అమెరికాలో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. 2022 సెప్టెంబరు 28న "ఇయాన్" అనే హరికేన్ సరిగ్గా కేప్ కోరల్ దగ్గరలోనే తీరం దాటింది. పక్కనే ఉన్న ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో సముద్రం నేల మీద 10 నుంచి 15 అడుగుల ఎత్తున నిలిచింది. పడవలు ఇళ్ల మధ్యకు కొట్టుకువచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 2024లో అదే తీరాన పక్షం రోజుల్లో రెండు వచ్చాయి: సెప్టెంబరు 26న "హెలీన్", అక్టోబరు 9న "మిల్టన్". మొదటిదాని చెత్త వీధుల్లోంచి ఎత్తకముందే రెండోది దిగింది.

ఈ భాగం చదువుతుంటే అక్కయ్య చేతిలోని గరిటె ఆగిపోయింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఆమె లేదు, మేమున్నాం. అప్పుడు నేను కాలేజీ కుర్రవాణ్ణి. గాలికి ఇంటి పెంకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. తెల్లవారి చూస్తే దొడ్లో కొబ్బరిచెట్టన్నది నిలబడి లేదు. ఇరవై ఏళ్ల కాపు ఒక్క రాత్రిలో నేల పాలయింది. ఆ తుపానుకు వెయ్యిమందికి పైగా పోయారు. నాన్నగారు బతికి ఉన్నారో లేదో తెలియక అక్కయ్య అక్కడ డెట్రాయిట్‌లో టెలిఫోను పక్కన కూర్చుందట. పందొమ్మిది వందల డెబ్బై ఏడు నాటి దివిసీమ ఉప్పెన సంగతి మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకొంటుంటే విని పెరిగినది.

"ఏమండీ, ఉప్పెన వచ్చే చోటినుంచి ఇంత దూరం వచ్చాం. డబ్బు పోసి మళ్లీ ఉప్పెననే కొనుక్కుందామా?" అంది.

బావగారు మాట్లాడలేదు. పెన్సిలు తీసి లెక్క వేశాడు. ఆ లెక్క అందరూ తెలుసుకోదగినది. అక్కడ ఇంటికి చేసే మామూలు ఇన్సూరెన్సులో వరద నష్టం ఉండదు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ప్రభుత్వం 1968 నుంచి నడిపే పథకమొకటి ఉంది కాని, సాధారణంగా సొమ్ము కట్టిన ముప్ఫై రోజులకుగాని అది అమలులోకి రాదు. తుపాను రేడియోలో వినిపించాక పరుగెత్తితే పని జరగదు. పైగా హరికేన్ నష్టంలో మొదటి వాటా ఇంటివాడిదే. ఆ వాటా ఇంటి విలువలో నూటికి ఇంత అని ఉంటుంది. నాలుగు లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటికి నూటికి అయిదు చొప్పున అనుకోండి, మొదటి ఇరవై వేల డాలర్లు మన జేబులోంచే. ఇక పడవ ఇన్సూరెన్సు తమాషా వినండి. కొన్ని కంపెనీలు హరికేన్ల కాలమంతా పడవ ఫ్లోరిడా దాటి ఉత్తరానికి పోయి ఉండాలని షరతు పెడతాయి. కొన్ని పడవను ఎక్కడికి తరలిస్తావో, ఎలా కడతావో ముందే రాసివ్వమంటాయి. పన్నెండు నెలలూ పడవ నడుపుకుందామని వెళ్లినవాడికి ఇక్కడ వేసవి అయిదారు నెలలూ గండమే. మిషిగన్‌లో శీతకాలం పడవను మింగితే, ఇక్కడ ఆ పని వానకాలం చేస్తుంది!

"పోనీ, తుపాన్లు లేని సముద్రమే లేదా?" అన్నాడు బావగారు.

లేకేం, ఉంది. పడమటి తీరాన కాలిఫోర్నియాలోని శాండియాగో. చలికాలంలో పగలు 18, 19 డిగ్రీలు, ఎండాకాలంలో 25. ఏడాది పొడుగునా మన అరకులో మంచి రోజులా ఉంటుంది. హరికేన్ల బెడద దాదాపు లేదు. కారణం, ఉత్తరాన్నుంచి దిగే చల్లని ప్రవాహం. శీతకాలంలో ఆ నీరు 15 డిగ్రీలు, ఎండల్లో కూడా 20కి అటూ ఇటూ. తుపానును ఆపేది ఆ చలే. మనల్ని నీళ్లలో దిగనివ్వనిదీ ఆ చలే. మే, జూన్ నెలల్లో సముద్రం మీద మబ్బు కప్పుకొని మధ్యాహ్నం దాకా సూర్యుడు కనిపించడు. ఇదంతా సర్దుకోవచ్చు. ఇళ్ల ధరలతో మాత్రం సర్దుకోలేం. పడవ కట్టుకొనే చోటుకు పేరు రాయించుకొని ఏళ్ల తరబడి కాచుకొని ఉండవలసిన రేవులు ఉన్నాయి. మాష్టర్లకూ పింఛనుదారులకూ దూరం నుంచి దణ్ణం పెట్టుకోదగిన ఊరు అది.

అరిజోనాలో లేక్ హవాసు ఒకటి ఉంది. కొలరాడో నదికి 1938లో పార్కర్ ఆనకట్ట కట్టగా ఏర్పడిన సరస్సు. లండనులోని పాత వంతెనను రాళ్లు రాళ్లుగా కొని తెచ్చి 1971లో అక్కడ నిలబెట్టారు. ఎడారిలో లండను వంతెన! చలి లేదు, ఉప్పెన లేదు. 1994 జూన్‌లో ఒకనాడు అక్కడ కొలిచిన ఎండ 53 డిగ్రీలు. రెంటచింతల వారికైనా ఇది ఎక్కువే. ఆ కాగితం నేనే తీసి పక్కన పెట్టాను.

ఇక మిగిలింది టెక్సాసు. అక్కయ్య మనసు మొదటినుంచీ అటే. కూతురూ మనవలూ హ్యూస్టన్‌లో ఉన్నారు. ఆ పక్కనే పియర్లాండ్‌లో మీనాక్షమ్మ గుడి ఉంది. హ్యూస్టన్ దిగువన కీమా చుట్టుపక్కల పడవల రేవులకు లోటు లేదు. అయితే అదీ సింధుశాఖ ఒడ్డే. దానికి దగ్గర్లోని గాల్వెస్టన్ పట్టణం 1900 సెప్టెంబరులో ఒక్క రాత్రి ఉప్పెనలో సుమారు ఎనిమిది వేలమందిని పోగొట్టుకున్నది. ఆ తరువాత వారు సముద్రానికి గోడ కట్టి, ఊరినే ఎత్తు చేశారు. ఇళ్లను జాకీల మీద లేపి కింద ఇసుక నింపారంటే ఎంత పట్టుదల!

అప్పుడు నేను అన్నాను, "బావగారూ, పడవకు నీళ్లు కావాలిగాని సముద్రమే కావాలని ఏముంది?"

హ్యూస్టన్‌కు ఉత్తరాన నలభై, యాభై మైళ్ల దూరంలో లేక్ కన్రో అనే జలాశయం ఉంది. ఆనకట్ట 1973లో పూర్తయింది. నీటి వైశాల్యం సుమారు 21,000 ఎకరాలు, నీటి మట్టం సముద్రానికి 200 అడుగుల ఎత్తున. ఉప్పెన అక్కడికి ఎక్కిరాలేదు. మంచినీరు కాబట్టి ఉప్పు సముద్రంలోలాగా పడవ అడుగున గుల్లలు పట్టి గీకించే బాధ తక్కువ. శీతకాలంలోనూ చాలా రోజులు పడవ తీయవచ్చు.

వంక లేదనడం లేదు. 2024 జూలైలో "బెరిల్" గాలికి ఆ వైపంతా కరెంటు పోయింది. 2021 ఫిబ్రవరిలో టెక్సాసు అంతా గడ్డకట్టి, ఇళ్లలో నీటి గొట్టాలు పగిలి, రెండు వందలమందికి పైగా చనిపోయారు. అంతకంటే ముఖ్యం, ఆనకట్టకు ఎగువనా దిగువనా అన్నది. 2017 ఆగస్టులో "హార్వీ" వానలకు జలాశయం నిండి, గేట్లెత్తి 79,000 క్యూసెక్కుల దాకా వదిలారు. దిగువనున్న పేటల్లో చాలా ఇళ్లు మునిగాయి. క్యూసెక్కంటే ఏమిటో ధవళేశ్వరం దిగువన పుట్టినవాడికి నేను చెప్పాలా? బావగారు మ్యాపు తీసి ఆనకట్ట మీద ఎర్రగీత గీశాడు. గీతకు దిగువ ప్రకటనలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి.

నేనిచ్చిన సలహా మరొకటుంది. మంచుపిట్టలందరూ ఊళ్లు చూడటానికి జనవరిలో వెళతారు. డెట్రాయిట్‌లో మోకాలిలోతు మంచు వదిలి దిగినవాడికి జనవరిలో ఏ దక్షిణాది ఊరైనా స్వర్గమే. అప్పుడే సంతకం పెట్టేస్తాడు. పెళ్లిచూపులకు వెళ్లినట్లు పండగనాడు కాకుండా, పనిరోజున చెప్పకుండా వెళ్లాలి. ఆగస్టు ఉక్కలో, సెప్టెంబరు గాలివానల్లో ఆ ఊళ్లో ఉండి చూడాలి. అంచేత కొనవద్దు, ముందు ఏడాది అద్దెకుండండి అన్నాను.

బావగారికి ఇది పూర్తిగా నచ్చలేదు. "చివరికి నన్ను చెరువులో దింపావోయ్" అన్నాడు. చిన్నప్పుడు అంతర్వేది దగ్గర సాగరసంగమం చూసిన కన్ను ఆయనది. అవతలి ఒడ్డు కనిపించే నీళ్లంటే ఆయనకు కొంచెం చులకనే. "చెరువైతేనేం, అవతలి ఒడ్డున మనవలుంటారు" అంది అక్కయ్య.

ఆగస్టు మొదటి తేదీ నుంచి పన్నెండు నెలలకు ఎగువ ఒడ్డున ఓ ఇల్లు అద్దెకు కుదిరింది. డెట్రాయిట్ ఇల్లు ఇంకా అమ్మకానికి పెట్టలేదు. దారి సుమారు 1,300 మైళ్లు. కిటికీలో కుండీలో నలభై ఏళ్లుగా ఎదిగీ ఎదగక ఉన్న కరివేపాకు మొక్కను అక్కయ్య కారులో తన కాళ్ల దగ్గర పెట్టుకుంటుందట. పడవ బండికి కొత్త టైర్లు వేయించాలని బావగారు మొన్న ఫోనులో చెప్పాడు.