ఐఐఎం అవకాశాల లెక్క ఎక్కడ తప్పుతోంది?

‘‘తొంభైతొమ్మిది పర్సంటైల్ కావాలంట కదా సార్, మనకెందుకులే!’’ గత ఆగస్టులో పలమనేరు ప్రాంతానికి చెందిన ఒక దళిత విద్యార్థిని నాతో అన్న మాట ఇది. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సంక్షేమ హాస్టల్‌లో ఉండి తెలుగు మాధ్యమంలో పది పూర్తిచేసి, తిరుపతిలో బీకాం చివరి సంవత్సరానికి వచ్చింది. ఆ తొంభైతొమ్మిది అంకెను ఒక కోచింగ్ కేంద్రం కరపత్రంలో చూసింది. అది జనరల్ విభాగానికి చెందిన అంకె అని అందులో లేదు.

చిత్తూరు నుంచి బెంగళూరు ఐఐఎం నాలుగైదు గంటల ప్రయాణం. ఆ దూరం కంటే ఈ ఒక్క అంకె మన పిల్లలను ఎక్కువగా ఆపుతోంది.

కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాలలో రిజర్వేషన్ల చట్టం 2006 ప్రకారం ఐఐఎంలలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లు దక్కాలి. ఓబీసీ కోటాను సుప్రీంకోర్టు 2008 ఏప్రిల్ 10న సమర్థించింది. ఇంటర్వ్యూ పిలుపునకు ప్రతి వర్గానికీ వేర్వేరు కటాఫ్‌లు ఉంటాయి. కాబట్టి విద్యార్థి తన అవకాశాన్ని తన వర్గం కటాఫ్‌తోనే పోల్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు డిగ్రీలో 45 శాతం మార్కులుంటే క్యాట్‌కు అర్హత ఉంది, దరఖాస్తు రుసుము సగమే. కొన్ని ఐఐఎంలు మహిళలకు, ఇంజినీరింగేతర పట్టభద్రులకు అదనపు మార్కులు కూడా ఇస్తాయి. మా విద్యార్థిని ఈ రెండు కోవల్లోనూ ఉంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అలాగని తూకం సమంగా ఉందని అనలేం. అహ్మదాబాద్, బెంగళూరు ఐఐఎంలు ఎంపికలో క్యాట్ స్కోరుతోపాటు పది, ఇంటర్ మార్కులనూ లెక్కిస్తాయి. పదిహేనేళ్ల వయసులో వచ్చిన మార్కులు ప్రతిభను ఎంత చెబుతాయో, ఆ బిడ్డ ఏ ఇంట పుట్టింది, ఏ బడిలో చదివింది అన్నది కూడా అంతే చెబుతాయి. ఆపై పరీక్ష, ఇంటర్వ్యూ పూర్తిగా ఆంగ్లంలోనే. ప్రైవేటు సంస్థ అయిన హైదరాబాద్ ఐఎస్‌బీకి ఈ చట్టం వర్తించదు. ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లకు 93వ రాజ్యాంగ సవరణ వీలు కల్పించినా, 2006 చట్టం వాటి జోలికి పోలేదు.

బీసీ పిల్లలకు మరో చిక్కుంది. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. జాబితాలో ఉన్నవారికీ కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. కళాశాలలో ఇచ్చిన కుల ధ్రువపత్రమే చాలుననుకున్నవారు చివరి క్షణంలో కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తోంది. ఇక ఫీజు. పేరున్న ఐఐఎంలలో అది ఇరవై లక్షలు దాటింది. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ టాప్ క్లాస్ ఉపకారవేతనం ఉన్నా, ఒక్కో సంస్థకు పరిమిత సంఖ్యలోనే ఇస్తారు. ఈ విషయం ముందే తెలిస్తే కుటుంబం బ్యాంకు రుణానికి సిద్ధపడగలదు.

పట్టణాల్లోని అగ్రకుల కుటుంబాల్లో ఈ సమాచారం తరచుగా అన్నదమ్ముల ద్వారా, బంధువుల ద్వారా అందుతుంది. మొదటితరం విద్యార్థికి అలా చెప్పే బంధువు ఉండడు. ఆ బాధ్యతను విశ్వవిద్యాలయాలే తీసుకోవాలి. తిరుపతిలో 1954 నుంచి శ్రీవేంకటేశ్వర, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. క్యాట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలై సెప్టెంబరు మధ్యలో ముగుస్తాయి. జులైలోనే ధ్రువపత్రాల సహాయ కేంద్రం తెరవడానికి, ఆంగ్ల పఠనం, గణితంలో సాయంకాలపు ఉచిత శిక్షణ ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఆ విద్యార్థిని చేత దరఖాస్తు చేయించాను. నవంబరులో పరీక్ష రాసింది. తొలి ప్రయత్నంలో పిలుపు రాలేదు. ఇప్పుడు తన వర్గం కటాఫ్‌ను పక్కన పెట్టుకుని, ఏ విభాగంలో ఎన్ని మార్కులు తగ్గాయో లెక్కేసుకుని మళ్లీ చదువుతోంది. ‘మనకెందుకులే’ అన్న మాట ఆమె నోట మళ్లీ వినలేదు. దరఖాస్తు ఫారం దాకా రాకుండానే ఆ మాట అనుకుని వెనుదిరుగుతున్న వారి సంఖ్య మాత్రం ఏ కటాఫ్ జాబితాలోనూ కనిపించదు.