కట్టడపు మట్టియు వాననీటి చట్టములును

ఇల్లు గాని బడి గాని కట్టబూనినవారు రాయి, ఇసుక, సిమెంటు, ఇనుము, కూలి అను వానికెల్ల లెక్క వ్రాసికొందురు. పునాదికై త్రవ్వి బయట పోసిన మట్టికి లెక్క వ్రాయువా రరుదు. అది దారిప్రక్కన గుట్టగా పడియుండును. ముంగారి వాన యొకటి గట్టిగా కురిసిన పిమ్మట చూచినచో ఆ గుట్ట తగ్గియుండును. తగ్గిన మట్టి ఎచటికి పోవుచున్నదో, దానిని పోనీయకుండ చట్టము లేమి చెప్పుచున్నవో ఇందు వివరింపదలచితిమి.

దేవనకొండ ప్రాంతమున వాన తక్కువ. ఆ తక్కువయు దినదినము కొంచెము కొంచెముగా గాక, కొలది దినములలో ఒక్కుమ్మడిగా కురియును. ఆ నీరు వీధికాలువనుండి వంకకును, వంకనుండి హంద్రికిని చేరును. మద్దికెర పొలములలో పుట్టిన హంద్రి, గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె జలాశయమును నింపి, కోడుమూరు మీదుగా కర్నూలు చేరి తుంగభద్రలో కలియుచున్నది. సంజీవయ్య సాగరమని పేరుగల ఆ జలాశయమును 4.5 టి.యం.సీ.ల నీరు పట్టునట్లు కట్టినారు. మట్టి చేరినకొలది నీటికి చోటు తగ్గును గదా! ఊరి కుంటలోని పూడికను వేసవిలో ఎత్తి పొలములకు తోలుకొనవచ్చును. అంతటి జలాశయమున ఆ పని సులభము కాదు.

విద్యార్థులీ చిన్న లెక్క చేసి చూతురు గాక. 1 ఎకరము 4,047 చదరపు మీటర్లు. దానిపై 25 మిల్లీమీటర్ల వాన, అనగా దాదాపు ఒక అంగుళము, కురిసినచో లక్ష లీటర్లకు పైగా నీరు పడినదన్న మాట. పచ్చిక గల నేల ఇందు కొంత త్రాగును. ఆకులు చినుకుల దెబ్బను కాచును. జే.సీ.బీ.తో గీకి చదును చేసిన నేలకు ఆ కాపు లేదు. రేగడినేల సంగతి మరియు చిక్కైనది. ఎండకు విచ్చిన నెర్రెలలోనికి మొదటి నీరు దిగును గాని, మన్ను తడిసి ఉబ్బినంతనే నెర్రెలు మూసికొని, వెనుకటి నీరు పైపైననే పారును. రేగడి రేణువులు మిక్కిలి సన్ననివి. 0.1 మిల్లీమీటరు ఇసుకరేణువు కదలని నీటిలో 1 మీటరు లోతునకు దిగుటకు రెండు నిమిషములు పట్టును, 0.002 మిల్లీమీటరు బంకరేణువునకు సుమారు మూడు దినములు పట్టును. గాజుసీసాలోని నీట పిడికెడు రేగడి కలిపి కిటికీలో నుంచినవారికి ఇది కన్నులారా తెలియగలదు. కాబట్టి నీట కలిసిన రేగడిని పట్టుటకంటె, అది నేలనుండి లేవకుండ చేయుటయే తేలిక. చట్టముల మంచిచెడ్డలను ఈ కొలతతోనే చూడవలెను.

అమెరికాలో బంధువులున్నవారు, అచటి కట్టడముల చుట్టును మోకాలెత్తున నల్లగుడ్డ కట్టియుండుటను చిత్రములలో చూచియుందురు. దాని వెనుక ఒక చట్టము కలదు. ఆ దేశపు 1972 నాటి శుద్ధజల చట్టమును 1987లో సవరించి వాననీటిని దాని క్రిందికి తెచ్చిరి. 1990 నాటి నిబంధనలచే 5 ఎకరములు మొదలు ఆపై నేలను కదలించు కట్టడములకు పర్మిట్టు కావలసివచ్చెను. 1999లో చేసిన నిబంధనలు ఆ మేరను 1 ఎకరమునకు దించినవి. అవి 2003నుండి అమలునకు వచ్చినవి. ఈ పర్మిట్టును అత్యధిక రాష్ట్రములలో ఆ రాష్ట్రప్రభుత్వమే యిచ్చును. పని మొదలిడుటకు ముందే నీ రెటు పారునో, మట్టి నెట్లు ఆపుదురో పటముతో ఒక ప్రణాళిక వ్రాసి, అధికారి యడిగినపుడు చూపుటకు సిద్ధముగా నుంచవలెను. బండ్ల చక్రములు బురదను వీధికి మోయకుండ వాకిట కంకర పరచవలెను. దినములు లెక్కపెట్టి తనిఖీ చేసి వ్రాయవలెను. గుడ్డకంచెకు చేరిన మట్టి దాని సగమెత్తు కాకమునుపే తీసివేయవలెను. పని ఆగిన చోట నేలను గడ్డితోనో, మరి దేనితోనో కప్పవలెను. పొలము దున్నుకొను రైతునకు ఈ పర్మిట్టుతో పనిలేదు.

ఇందు మాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. ఒక పెద్ద స్థలమును చిన్న చిన్న ప్లాట్లుగా విడదీసి, మాది ఎకరములో నాలుగవ వంతే గదా యని తప్పించుకొనుటకు వీలులేదు. ఒకే ప్రణాళికలోని తునకలనెల్ల కలిపియే కొలుతురు.

మన దేశమున కొలత వేరు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 2006 సెప్టెంబరు 14న వెలువడిన నోటిఫికేషను ప్రకారము, 20,000 చదరపు మీటర్లు మొదలు ఆపై నిర్మిత వైశాల్యముగల కట్టడములకు ముందస్తు పర్యావరణ అనుమతి కావలెను. లేఅవుట్ల వంటి భూమి అభివృద్ధి పనులకైనచో 50 హెక్టార్లు మేర. అనుమతి యిచ్చునపుడు పైమట్టిని వేరుగా భద్రపరచవలెననియు, వాననీటిని ఇంకింపవలెననియు షరతులు విధించుట వాడుక. ఇవి మంచి షరతులే. అయితే 50 హెక్టార్లనగా 123 ఎకరములకు పైమాట. అచట 1 ఎకరము, ఇచట 123! వారు బట్టబయలైన నేలను కొలుచుచున్నారు. మనము కట్టడమును కొలుచుచున్నాము. వాన కొట్టునది నేలనే గదా. ఇక 2002 నాటి వాల్టా చట్టము బావులను, చెట్లను, ఇసుకను, వాననీటి నిలువను గూర్చి మాట్లాడుచున్నది. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము, తెలిసి కాలుష్యమును వాగులలో విడుచుటను నిషేధించుచున్నది. కాని నలుగురి గుట్టల మట్టియు వంకలో కలిసిన పిమ్మట ఏది యెవరిదని చెప్పగలము?

విద్యాలయములను గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. పారిశ్రామిక షెడ్లను, పాఠశాలలను, కళాశాలలను ఈ ముందస్తు అనుమతినుండి కొంతమేరకు తప్పించుచు కేంద్రప్రభుత్వము 2025 జనవరి 29న ఒక నోటిఫికేషను వెలువరించెను. ఆ మినహాయింపును సర్వోన్నత న్యాయస్థానము 2025 ఆగస్టు 5న కొట్టివేసినది. మాకీ తీర్పు న్యాయముగానే తోచుచున్నది. బడి పునాది మట్టి యని వాన దానిని విడిచిపెట్టదు.

మన యూళ్ల పనులు ఆ 20,000 చదరపు మీటర్ల దరిదాపులకు రావు. నాలుగు గదుల బడి, రెండంతస్తుల యిల్లు, పదియెకరముల లేఅవుటు, ఇవే మన పనులు. వీనియందు మట్టిని ఆపుట యజమాని మేస్త్రీల వివేకముపైననే యున్నది. మొత్తము నేలను ఒక్కసారిగా గీకక, కట్టబోవు మేరకే గీకినచో సగము పని అయినట్లే. గుట్టను కాలువ యొడ్డున గాక మెరకన పోసి, వాన రాకమునుపు టార్పాలిను గాని జొన్నసొప్ప గాని కప్పవలెను. పల్లపువైపున జానెడు గట్టు వేసి, దాని మూలలో నీరు నిలుచుటకు గుంట త్రవ్వవలెను; ఇసుకయు ముతకమన్నును అందు దిగును, రేగడి కొంత తప్పించుకొనును. గట్టు వేయుట మన రైతులకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. డబ్బు చాలక పని నడుమ నాగిపోయిన చోట్ల ఉలవలు చల్లినచో, వాని తీగ నేలను కప్పును. పశువులకు మేతయు నగును.