మక్కలు నూరే అమ్మ

ప్రింట్ అంటే నాకు తెలిసింది ఒక్కటే: రికార్డ్ సబ్మిషన్ ముందు రోజు జిరాక్స్ షాపు దగ్గర లైన్. మొన్న ఫోన్‌లో ఒక పాత మెక్సికన్ వుడ్‌కట్ చూసేదాకా అంతే అనుకున్నా. పల్లెటూరి ఇల్లు, రెండు కోళ్లు, మోకాళ్ల మీద కూర్చొని వాలు రాయి మీద ఏదో నూరుతున్న ఒకామె. అంతా నలుపు, తెలుపే.

సిద్దిపేటలో మా నాయనమ్మకు చూపించా.

"ఏం నూరుతుంది బిడ్డా?"

"మక్కలు. సున్నం నీళ్లల్ల ఉడకబెట్టి, నానినంక నూరి రొట్టెలు చేస్తరట."

"గట్ల మోకాళ్ల మీద కూసుంటే నడుం పోదా?"

నేను గీతలు చూశా, ఆమె నడుం నొప్పి చూసింది. మన చేన్లలో పండే మక్కజొన్న పుట్టిల్లు మెక్సికోనే అంటే మాత్రం నమ్మలేదు.

వుడ్‌కట్ ఎలా చేస్తారంటే, చెక్క పలక మీద బొమ్మ గీసి, తెల్లగా ఉండాల్సిన చోటంతా ఉలితో తీసేస్తారు. ఎత్తుగా మిగిలిన భాగానికి సిరా పూసి, కాగితం పెట్టి ఒత్తుతారు. బొమ్మ అద్దంలోలా తిరగబడి వస్తుంది, అందుకే ముందే తిప్పి గీయాలి. చెయ్యి జారితే అన్‌డూ లేదు.

ఇంత కష్టం ఎందుకు? ఒక్క పలకతో చాలా కాపీలు తీయొచ్చు, తక్కువ ధరకు ఇవ్వొచ్చు. 1937లో మెక్సికో సిటీలో లియోపోల్డో మెండెజ్, ఆయన మిత్రులు 'తాయెర్ దె గ్రాఫికా పొపులార్' అనే ప్రింట్ వర్క్‌షాప్ పెట్టింది అందుకే. రైతుల, కూలీల బతుకును చెక్క మీద, లినోలియం మీద చెక్కి పోస్టర్లుగా జనంలోకి తెచ్చారు.

మనకూ ఒకాయన ఉన్నారు. కె. లక్ష్మా గౌడ్, 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. 2016 దాకా మన సిద్దిపేట కూడా ఆ జిల్లాలోదే. హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో చదువుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. మేకలు, చెట్లు, ఊరి ఆడవాళ్లు, మగవాళ్లు ఆయన ప్రింట్ల నిండా ఉంటారు. ఆయనకు పేరు తెచ్చింది ఎచింగ్. అది వుడ్‌కట్‌కు పూర్తిగా రివర్స్. లోహపు రేకుకు మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసిన చోట రేకు కరిగి గాడి పడుతుంది. సిరా ఆ గాడిలో నిలుస్తుంది. అంటే చెక్కలో తీసేసింది తెలుపు, రేకులో తీసేసింది నలుపు.

ఇదంతా చదివాక నేనూ ఒక లినో ముక్క కొన్నా. ఇసుర్రాయి గీద్దామని కూర్చున్నా. రాయి మా పెరట్లోనే ఉంది, మిక్సీ వచ్చినప్పటి నుంచి బోర్లా పడి. కానీ దాన్ని తిప్పేటప్పుడు చెయ్యి ఎక్కడ పట్టుకుంటుంది, కాలు ఎటు చాపుతారు? నాకు తెలియదు. గూగుల్ చేయబోయి ఆగా.

"నాయనమ్మా, ఒక్కసారి కూసొని చూపిస్తవా?"

"ముందుగాల నడుం పట్టు, లేస్త" అంది.

రాయి కడిగి పెట్టా.