గెలాక్సీల నడుమ కానరాని వాయువు

చీకటి రాత్రి ఆకాశంలో తెల్లని చారలా కానవచ్చే పాలపుంత, మన సూర్యునితో సహా వేల కోట్ల నక్షత్రాల సముదాయం. ఇటువంటి సముదాయాలనే గెలాక్సీలు అంటారు. కొన్నిచోట్ల అవి వందలు, వేలుగా గుంపు కట్టి ఉంటాయి. మరి వాటి నడుమ ఉన్నది వట్టి శూన్యమేనా? కాదని ఎక్స్-కిరణ దూరదర్శినులు తెలియజేశాయి.

కొలిమిలోని ఇనుము కాగినకొద్దీ ఎరుపు నుండి తెలుపుకు మారడం మనమెరిగినదే. వేడి పెరిగేకొద్దీ వెలువడే కిరణాల శక్తి కూడా పెరుగుతుంది. కోట్ల డిగ్రీల వేడిగల వాయువు ముఖ్యంగా ఎక్స్-కిరణాలనే వెదజల్లుతుంది. అవి కంటికి కనబడవు. పైగా భూవాతావరణం వాటిని దారిలోనే పీల్చివేస్తుంది. అది మన ప్రాణాలకు రక్ష. కాని ఖగోళ పరిశోధనకు అడ్డుగోడ. అందువల్లనే ఈ దూరదర్శినులను అంతరిక్షానికి పంపవలసి వచ్చింది. వీటి అద్దాల అమరిక కూడా వేరు. నేరుగా తాకిన ఎక్స్-కిరణం అద్దంలోకి చొచ్చుకుపోతుంది. చెరువు నీటిపై ఏటవాలుగా విసిరిన పెంకు ఎగిరినట్లు, అద్దాన్ని ఒరుసుకొని పోయే కిరణం మాత్రమే పరావర్తనం చెందుతుంది. కనుక అద్దాలను గొట్టాల వలె ఒకదానిలో ఒకటి అమర్చుతారు.

నాసా 1999 జూలై 23న ప్రయోగించిన 'చంద్ర' అటువంటిదే. లాహోరులో జన్మించి, మదరాసులో చదివి, 1983లో నోబెల్ బహుమతి పొందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు దానికి పెట్టారు. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని పెర్సియస్ గెలాక్సీ గుంపును అది పరిశీలించింది. ఇటువంటి గుంపులలో నక్షత్రాలన్నిటి ద్రవ్యరాశి కంటే వాటి నడుమనున్న వేడి వాయువు ద్రవ్యరాశి కొన్ని రెట్లు అధికం. ఆ వాయువు చల్లబడితే కొత్త నక్షత్రాలు విరివిగా పుట్టాలి. కాని అన్ని పుట్టడం లేదు. కారణమేమి? పెర్సియస్ నడిమి గెలాక్సీలోని కృష్ణబిలం పరిసరాల నుండి ఎగజిమ్మే ధారలు వాయువులో బుడగలు పొదుగుతున్నాయని, వాటి నుండి శబ్ద తరంగాలు అలలుగా వ్యాపిస్తున్నాయని 2003లో వెల్లడైంది. ఈ శక్తియే వాయువును చల్లారనీయడం లేదని శాస్త్రజ్ఞుల వివరణ.

మన దేశపు ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న పులికాట్ సరస్సు చెంతనున్న శ్రీహరికోట నుండి నింగికెగసింది. అందులోని ఒక ఎక్స్-కిరణ దూరదర్శిని అద్దాలు ముంబయిలోని టాటా పరిశోధన సంస్థలో తయారైనవే. సరస్సుకు ఇరువైపులా, ఆంధ్రలోనూ తమిళనాటనూ, రాకెట్ పొగచారను చూచి పిల్లలు కేరింతలు కొడతారు. అది ఏమి మోసుకొనిపోతున్నదో, ఎందుకో కూడా పెద్దలు వారికి చెప్పాలి.