భయం ఉన్నంతవరకే హక్కు

ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఎదుటివాడి ప్రాణం తీసైనా బతికే హక్కును చట్టం మనకిచ్చింది. కానీ ఆ హక్కు ఆయుష్షు కొన్ని క్షణాలే. అది ఎప్పుడు పుడుతుందో, ఎప్పుడు పోతుందో తెలియకపోతే ఆత్మరక్షణ కాస్తా హత్య కేసవుతుంది. లైసెన్సు తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సిన సంగతులివి.

శంషాబాద్‌లో రాత్రి ఎనిమిదైనా, పన్నెండైనా రోడ్డు మీద అలికిడి తగ్గదు. నెత్తిమీద విమానాలు దిగుతూనే ఉంటాయి. ఔటర్ రింగు రోడ్డు మీద కార్లు, సర్వీసు రోడ్డు పక్కన ఆపిన లారీలు. ఇంత సందడి మధ్యే, 2019 నవంబరు 27 రాత్రి, తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర స్కూటీ ఆపిన ఓ యువ పశువైద్యురాలు మళ్లీ ఇల్లు చేరలేదు. మర్నాడు ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె మృతదేహం కనిపించింది. దేశమంతా ఆమెను 'దిశ' అని పిలుచుకుని కన్నీరు పెట్టుకుంది.

తొమ్మిది రోజులకు, డిసెంబరు 6 తెల్లవారుజామున, అదే చటాన్‌పల్లి దగ్గర ఆమె హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు తూటాలకు చనిపోయారు. తమ పిస్తోళ్లు లాక్కుని కాల్పులు జరిపారు కాబట్టి ఆత్మరక్షణ కోసం కాల్చాల్సి వచ్చిందని పోలీసులు ప్రకటించారు. ఆ ఉదయం చాలామంది పూలు చల్లారు, మిఠాయిలు పంచారు.

ఈ రెండు ఘటనలకూ వర్తించే చట్టం ఒక్కటే. ఆ రాత్రి ఆమె చేతిలో ఏ ఆయుధమున్నా, దాంతో ఎవరి ప్రాణం తీసినా, చట్టం నూటికి నూరుపాళ్లూ ఆమె పక్షానే నిలబడేది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పోలీసులు చెప్పుకున్నదీ అదే హక్కు. ఒకచోట అది ఎందుకు నిలుస్తుంది, మరోచోట ఎందుకు ప్రశ్నకు గురైంది? ఆయుధం ఎలా సంపాదించాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పేవాళ్లే తక్కువ.

ప్రాణం తీసే హక్కు ఎప్పుడు?

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. పాత చట్టంలో ఇవే 96 నుంచి 106. నంబర్లు మారాయి కానీ సారం మారలేదు. మన శరీరాన్నే కాదు, పక్కవాడి శరీరాన్ని కాపాడటానికీ ఈ హక్కు పనికొస్తుంది. దారినపోయే అపరిచితురాలి మీద దాడి జరుగుతుంటే అడ్డుకోబోయినవాడికీ ఇదే రక్షణ.

ఎదుటివాడి చావుకు దారితీసేంత బలం వాడటానికి 38వ సెక్షన్ ఏడు సందర్భాలను చెబుతోంది. చంపేస్తాడన్న భయం, తీవ్రంగా గాయపరుస్తాడన్న భయం, అత్యాచార యత్నం, అసహజ లైంగిక దాడి, ఎత్తుకెళ్లే ప్రయత్నం, పోలీసులను ఆశ్రయించే వీల్లేకుండా బంధించడం, యాసిడ్ దాడి. చివరిదాన్ని 2013లో చేర్చారు. ఈ ఏడింటిలో ఒక్కటీ లేకుండా జరిగే దాడిలో ఎదుటివాణ్ని అడ్డుకోవచ్చు, కొట్టొచ్చు. చంపకూడదు.

దెబ్బ తగిలేదాకా ఆగాల్సిన పనిలేదు. తగలబోతోందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణంలోనే హక్కు పుడుతుంది. పారిపోయే దారి ఉన్నా పిరికివాడిలా పారిపోవాలని మన చట్టం అడగదు. దాడికి గురైనవాడు ఆ గందరగోళంలో బలాన్ని తూకం వేసి వాడలేడని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో తండ్రి తలపై గొడ్డలిలాంటి గండాసతో వేటు పడగా, కొడుకు తుపాకీ తీసి కాల్చాడు. హైకోర్టు వేసిన శిక్షను రద్దు చేసి సుప్రీంకోర్టు అతణ్ని విడుదల చేసింది. కళ్లముందు తండ్రి నెత్తురోడుతుంటే చట్టం చేతులు కట్టుకుని నిలబడమనదు.

బోరు మోటారు తీగ కోసం తూటా పేల్చొచ్చా?

ఇక ఆస్తి సంగతి. విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ చుట్టూ భూముల ధరలతోపాటు ఫాంహౌసులూ పెరిగాయి. ఊరికి దూరంగా ఉండే ఇళ్లు, చుట్టూ తోటలు, రాత్రిళ్లు మనిషి అలికిడి లేని దారులు. అలాంటిచోట లైసెన్సు తుపాకీ ఉన్న ఒకాయన్ని ఊహించుకుందాం. అర్ధరాత్రి కుక్కలు మొరిగాయి. టార్చి వేసి చూస్తే బోరు దగ్గర ఇద్దరు మోటారు రాగి తీగ కోస్తున్నారు. తుపాకీ చేతిలో ఉంది. కాల్చొచ్చా?

కాల్చకూడదు. ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీసే హక్కు 41వ సెక్షన్ ప్రకారం నాలుగు సందర్భాల్లోనే ఉంది. దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇంటికి కన్నం వేయడం, మనుషులుండే ఇంటికి, సరుకు దాచే చోటికి నిప్పు పెట్టడం లేదా పేలుడు పదార్థాలతో నష్టపరచడం, చివరిది, అడ్డుకోకపోతే చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం కలిగించే దొంగతనం, విధ్వంసం, ఇంట్లోకి చొరబాటు. రాగి తీగ కోసేవాడిని పట్టుకోవచ్చు, తోసేయొచ్చు, అవసరమైతే కొట్టొచ్చు. వాడు కత్తి తీసి మీదకొస్తే లెక్క మారుతుంది. అప్పుడు మీరు కాపాడుకుంటున్నది తీగను కాదు, ప్రాణాన్ని.

ఇక్కడే మన ఎన్నారై కుటుంబాలు ఒక మాట గమనించాలి. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సాస్‌లో రాత్రిపూట దొంగతనాన్ని ఆపడానికి కూడా, కొన్ని షరతులకు లోబడి, ప్రాణాంతక బలం వాడే వీలు అక్కడి చట్టంలో ఉంది. ఆ ఆలోచనతో శంషాబాద్‌లో దిగినవాళ్లు ఊరి ఇంట్లో నాన్నగారి తుపాకీ అందుకుంటే ప్రమాదం. మన దగ్గర వట్టి దొంగతనానికి ప్రాణం వెల కాదు.

హక్కు ఆగిపోయే చోటు

దాడి చేసినవాడు వెనుదిరిగాడు. పరుగెత్తుతున్నాడు. మీ గుండె ఇంకా దడదడలాడుతోంది. తుపాకీ గొట్టం అతడి వీపు వైపు తిరిగింది. ఆత్మరక్షణ కేసుల్లో సగటు మనిషి బతుకు తారుమారయ్యేది సరిగ్గా ఈ క్షణంలోనే.

40వ సెక్షన్ చెప్పేది ఒక్కటే మాట: భయం ఉన్నంతవరకే హక్కు. 1962లో జైదేవ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేటతెల్లం చేసింది. పొలం తగాదాలో భూమి తమ స్వాధీనంలో ఉన్నవాళ్లపైకి ఊరిజనం గుంపుగా వచ్చారు. అంతవరకు రక్షణ హక్కు ఉంది. కానీ ఒకడు కూలిపోగానే మిగతావాళ్లు పరుగందుకున్నారు. దూరంగా పారిపోతున్నవాళ్ల మీద పేల్చిన తూటాలకు మాత్రం చట్టంలో చోటు దొరకలేదు. పొలం తమదే అయినా, మొదట మీదకొచ్చింది అవతలివాళ్లే అయినా శిక్ష తప్పలేదు.

1980లో యోగేంద్ర మొరార్జీ కేసు ఇంకో హెచ్చరిక. రాత్రివేళ వాహనాన్ని అడ్డుకుని రాళ్లు రువ్విన కూలీల మీదకు ఒకాయన చీకట్లో రివాల్వర్ పేల్చాడు. ఒక మనిషి పోయాడు. అంత బలం అవసరం లేదని, హద్దు దాటాడని సుప్రీంకోర్టు తేల్చింది.

మన దగ్గర ఉదాహరణ చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2020 డిసెంబరులో ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పెద్దల మధ్యకు వెళ్లి, లైసెన్సు తుపాకీ పేలేదాకా వచ్చింది. గాయపడ్డవాళ్లలో ఒకరు తర్వాత చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. లైసెన్సు అనేది తుపాకీ ఉంచుకోవడానికే అనుమతి. దాన్ని మనిషి మీద పేల్చడానికి ఏ అధికారీ అనుమతి ఇవ్వడు.

హద్దు దాటిన ప్రతివాడూ హంతకుడేనా? కాదు. పగతో కాక, ముందస్తు పథకం లేకుండా, సదుద్దేశంతోనే రక్షణ హక్కు వాడుతూ అవసరానికి మించి బలం వాడితే అది హత్య కిందకు రాదు. శిక్షార్హమైన నరహత్యే అవుతుంది. జైలు తప్పకపోవచ్చు. హత్యా నేరానికి ఉన్న ఉరిశిక్ష మాత్రం ఉండదు.

చటాన్‌పల్లి తెల్లవారుజాము

ఖాకీ చొక్కా వేసుకున్నంత మాత్రాన ఆత్మరక్షణకు కొలత మారదు. చటాన్‌పల్లి కాల్పుల మీద సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 12న విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్ నాయకత్వంలో ముగ్గురు సభ్యుల కమిషన్‌ను వేసింది. 2022 జనవరిలో నివేదిక అందింది. అదే ఏడాది మే 20న సుప్రీంకోర్టు దాన్ని బయటపెట్టింది.

కళ్లల్లో మట్టి కొట్టి, పిస్తోళ్లు లాక్కుని కాల్చారన్న కథనం నమ్మదగ్గది కాదని కమిషన్ అభిప్రాయపడింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరపాలని సిఫార్సు చేసింది. సదుద్దేశంతో హద్దు మీరిన ప్రభుత్వ ఉద్యోగికి ఉండే మినహాయింపు కూడా వీళ్లకు వర్తించదంది. మూకదాడి ఎంత తప్పో, తక్షణ న్యాయం అన్న ఆలోచనా అంతే తప్పని చెప్పింది. వ్యవహారాన్ని సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపగా, అధికారులు అక్కడ నివేదికను సవాలు చేశారు. కమిషన్ చెప్పింది తీర్పు కాదు. ఎవరినైనా దోషిగా తేల్చాల్సింది కోర్టే.

ఈ ప్రశ్న తెలుగునేలకు కొత్తదేమీ కాదు. ఎన్‌కౌంటర్ జరిగితే ముందు కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ అన్న వాదన విచారణలో రుజువు కావాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే దేశమంతటికీ మార్గదర్శకాలు ఇస్తూ ఎఫ్‌ఐఆర్‌ను, స్వతంత్ర దర్యాప్తును తప్పనిసరి చేసింది.

ఆ తెల్లవారుజామున పూలు చల్లినవాళ్ల బాధ నాకర్థమవుతుంది. ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ వారమంతా అన్నం సహించలేదు. కానీ పట్టుబడి, పోలీసుల మధ్య ఉన్న మనిషికి శిక్ష వేయాల్సింది న్యాయస్థానం. ఆత్మరక్షణ అన్న మాటకు శిక్ష వేసే అధికారం లేదు.

కోర్టులో ఏం అడుగుతారు?

ఆత్మరక్షణ అని చెప్పుకునేవాడే దాన్ని చూపించాలి. భారతీయ సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ ఆ బరువును నిందితుడి మీద పెట్టింది. అయితే ప్రాసిక్యూషన్‌లా సందేహాతీతంగా రుజువు చేయనక్కర్లేదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలు.

దానికి సాక్ష్యం మీ మాటకన్నా ముందు ఘటనా స్థలమే చెబుతుంది. తూటా ముందు నుంచి తగిలిందా, వీపున తగిలిందా? ఎంత దూరం నుంచి? ఎన్ని రౌండ్లు? ఎదుటివాడి చేతిలో ఏముంది? మీ ఒంటిమీద గాయాలున్నాయా? అందుకే కాల్పులు జరిగిన వెంటనే 112కు ఫోన్ చేయండి. గాయపడినవాడు శత్రువైనా అంబులెన్స్ పిలిపించండి. ఖాళీ తూటా గొట్టాలను, ఎదుటివాడి కత్తిని కదపకండి. తుపాకీని కడగకండి, దాచకండి. లాయర్‌ను పిలిపించుకోండి. దాచిన ప్రతి వస్తువూ రేపు మీ మీదే సాక్ష్యం చెబుతుంది.

లైసెన్సు ఉన్నవాళ్లు మరవకూడనివి

• 2019 సవరణ తర్వాత ఒక్కరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. అంతకుముందు మూడు దాకా అనుమతి ఉండేది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

• లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. రాష్ట్రానికే పరిమితమైన లైసెన్సుతో పక్క రాష్ట్రంలో తిరగకూడదు.

• పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చడం ఇప్పుడు ప్రత్యేక నేరం. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైకి వెళ్లిన తూటా ఎవరో ఒకరి నెత్తిమీదే దిగుతుంది.

• విమానంలో తుపాకీని చేతిసంచిలో తీసుకెళ్లకూడదు. తూటాలు తీసేసి, లైసెన్సు చూపించి, విమానయాన సంస్థకు ముందే చెప్పి, చెక్-ఇన్ సామానులోనే పంపాలి. ఎప్పుడో సంచి మూలన పడిపోయిన ఒక్క తూటా ఎక్స్‌రే తెర మీద కనిపించినా చాలు, ప్రయాణం పోలీస్ స్టేషన్‌లో ఆగుతుంది. తెలియక ఉండిపోయిందని కోర్టులో చూపించి బయటపడొచ్చు. అందుకు పట్టే నెలలు, ఏళ్లు ఎవరూ తిరిగివ్వరు. బయల్దేరే ముందు సంచి జేబులన్నీ తడుముకోండి.

రాగి తీగ కథ ముగింపు

అబద్ధపు ఆత్మరక్షణ ఒక్కటి చెల్లుబాటైనా, నిజంగా ప్రాణం కాపాడుకున్న పదిమంది మాట చులకనవుతుంది. రేపు ఏ చీకటి రోడ్డు మీదైనా ఓ ఆడపిల్ల తనను తాను కాపాడుకుని పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే, ఆమె చెప్పే మాటకు విలువ ఉండాలి. ఆ విలువను నిలపాల్సింది ఇవాళ తుపాకీ చేతిలో ఉన్నవాళ్లే.

ఫాంహౌస్ గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడ్డ ఆయన దగ్గరికే మళ్లీ వద్దాం. ఆయన గట్టిగా కేకేశాడు. తీగ కోస్తున్న ఇద్దరూ సగం తెగిన కట్టను వదిలేసి, గట్టు దాటి చీకట్లో పరుగెత్తారు. భయం పోయింది. దాంతోపాటే హక్కూ పోయింది. ఆయన తుపాకీ దించి, తూటాలు తీసేసి, 112కు ఫోన్ కలపాలి. తెగిన తీగ వారంలో మళ్లీ వేసుకోవచ్చు.